పసుల కొట్టం వెనక మొక్క

మొన్నటి దాకా పార్వతీబాయి మా ఇంట్లో కుదురుగా కూర్చోగా నేను ఏనాడూ చూడలేదు. నస్రుల్లాబాద్ అవతలి తండా నుంచి పొద్దున్నే షేర్ ఆటోలో, పాల క్యాను ఒళ్ళో పెట్టుకుని బాన్సువాడకు వస్తుంది. మా గల్లీలో ఇంటింటికీ పాలు పోసి ఆఖరున మా గడప దగ్గర ఆగుతుంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. చాయ్ నా దగ్గరే తాగుతుంది గానీ చెవి మాత్రం రోడ్డు మీది ఆటో చప్పుడుకు ఇచ్చి ఉంటుంది.

"లోపలికొచ్చి కూసో అక్కా" అంటాను.

"నేను ఈడ కూసుంటే ఆడ బర్రె ఊకుంటదా చెల్లె? నా మొఖం కనపడకుంటే మేత ముట్టది."

"ఇంట్ల బావ ఉన్నడు గద."

"ఉన్నడు. బర్రె మీద ఆయన ఒర్రుతడు, ఆయన మీద బర్రె ఒర్రుతది. బయట నుంచి ఇంటే ఎవరి గొంతు ఎవరిదో నాకే తెల్వది."

ఆమె ఇంట్లో లంబాడీ మాట, మా ఇంట్లో ఉర్దూ. మేమిద్దరం కలిస్తే మాత్రం తెలుగే. ఇద్దరికీ అమ్మ నేర్పిన భాష కాదు కాబట్టి ఒకరు తప్పు మాట్లాడితే ఇంకొకరు నవ్వరు. అట్లా ఇరవై ఏళ్ళ పైమాటే గడిచింది. మా కొడుకు ముజఫర్ ఆమె పోసిన పాలతోనే పెరిగాడు. నడక రాకముందే ఆమె క్యాను చప్పుడు వింటే పాకుతూ గడప దాకా వచ్చేవాడు. మాటలు వచ్చాక ఆమెను "దూద్ ఖాలా", అంటే పాల పిన్నీ, అని పిలిచేవాడు.

తండా వాళ్ళకు ఒక అలవాటు ఉంది. వరికి తెగులు తగిలినా, పత్తి ఆకు ముడుచుకున్నా నోటితో చెప్పరు. ఆ కొమ్మనే విరిచి తడిగుడ్డలో చుట్టి, వాడిపోకముందే వ్యవసాయం సారు దగ్గరికి పట్టుకుపోతారు. పార్వతీబాయి అట్లా ఎన్నోసార్లు తడిమూటతో మా ఇంటికి వచ్చి, ఆఫీసు తెరిచే దాకా దాన్ని మా కుండ పక్కన నీడలో పెట్టేది. ఒకసారి ముజఫర్ ఆ మూటను చూసి, "ఏంది ఖాలా, పేషెంటును తెచ్చినవా? పానం ఎట్లుంది?" అని అడిగాడు. "నవ్వకురా. చూపియ్యకుంటే సారుకు ఏం సమజైతది? నోటితోటి చెప్తే నోటితోటే పంపిస్తరు" అని ఆమె వాడి నెత్తి మీద తట్టింది.

నిరుడు ముజఫర్ పిట్లం నుంచి బండి మీద వస్తూ కాలువ వంతెన దగ్గర చనిపోయాడు. జేబులో చిన్న పొట్లం దొరికింది. గంజాయి. ఆ పొట్లం బయటపడ్డాక ఎదురొచ్చిన ట్రాక్టర్ సంగతి ఊర్లో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. వాడు ఆ రోజు అది తాగి ఉన్నాడో లేదో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ తెలియకపోవడం నన్ను ఒక చోట నిలవనివ్వదు. పొయ్యి మీద అన్నం పెట్టి వాకిట్లోకి వస్తాను, వాకిట్లో చీపురు పట్టి ఎందుకు పట్టానో మరిచిపోతాను.

ఆ రోజుల్లో అందరూ వచ్చి ఏదో ఒకటి చెప్పిపోయారు. పార్వతీబాయి ఏమీ చెప్పలేదు. మొదటిసారి రెండు కాళ్ళూ లోపల పెట్టి వచ్చి, తన పాలు తానే కాచి, గిన్నె మీద మూత పెట్టి వెళ్ళిపోయింది. అట్లా చాలా రోజులు చేసింది.

ఆమెకు నాతో చెప్పుకోలేని సంగతి ఒకటి ఉందని నాకు తెలుసు. వాళ్ళ పసుల కొట్టం వెనక ఒక గంజాయి మొక్క ఉంది. వాళ్ళ అత్త కాలం నుంచీ ఉంది. ఒకటి ముదిరితే దాని విత్తనంతో ఇంకొకటి, ఎప్పుడూ ఒకటే. వానలు పడి ఒడ్ల మీద పచ్చగడ్డి లేవగానే బర్రెలు ఆబగా మేసి కడుపు ఉబ్బి పడిపోతాయి. అప్పుడు ఆ ఆకు పిడికెడు తెంపి, బెల్లం, ఓమ కలిపి నూరి, గొట్టంతో పోస్తుంది. ఎవరి పసువు పడిపోయినా ఆమెనే పిలుస్తారు. ముజఫర్ బతికి ఉన్నప్పుడు ఇదంతా ఆమే నాకు నవ్వుతూ చెప్పింది. వాడు పోయాక ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. చాయ్ గ్లాసు అందుకునేటప్పుడు మాత్రం నా కళ్ళలోకి చూసేది కాదు.

ఈ వానాకాలం మొదట్లో పక్క తండాలో భద్రు అనే రైతును పట్టుకుపోయారు. మక్కచేను నడుమ గంజాయి పెట్టాడట, అమ్మడానికి. ఆ దెబ్బకు చుట్టుపక్కల తండాల్లో ఎవరి పెరట్లో ఉన్నది వాళ్ళు పీకేశారు. పార్వతీబాయి మొగుడు మంగ్యా బావ కూడా పీకెయ్యమని రోజూ పోరు పెడుతున్నాడు.

"పీకుతవా, నన్ను జైలుకు పంపిస్తవా అంటుండు చెల్లె" అని ఒక పొద్దున ఆమె తనంతట తనే నోరు తెరిచింది. "గా భద్రు చేసింది యాపారం. నాదేముంది? బర్రెకు మందు. గీ రెంటికీ ఫరక్ లేదా?"

నేను ఏం చెప్పాలి? ఆమె చాయ్ సగంలోనే వదిలి ఆటో ఎక్కింది.

మరునాడో, ఆ మరునాడో మా బిడ్డ తహ్రీమ్ ఫోన్‌లో గంజాయి మీద ఒక చర్చ వినబడుతోంది. తహ్రీమ్ ఇక్కడే డిగ్రీ చదువుతుంది. ఫోన్‌లో ఇద్దరు పెద్దమనుషులు గొంతులు చించుకుంటున్నారు. ఒకాయన, దాచిపెట్టి అమ్మేదానికంటే సర్కారే లెక్కాపత్రంతో, డాక్టరు చీటీతో ఇస్తే కల్తీ పోతుంది, దొంగ యాపారం పోతుంది, రోగులకు మేలు అంటాడు. సారా దుకాణాలకు లైసెన్సు ఇవ్వగా లేనిది దీనికేం అంటాడు. ఇంకొకాయన, సారాతో కూలిన కొంపలు చాలవా, ఇది కూడా దుకాణంలో పెడితే బడి పిల్లలు కొంటారు, తల్లుల ఏడుపు ఎవరు తుడుస్తారు అంటాడు.

తల్లులు అనగానే మా ఆయన ఫజల్, "బంద్ చెయ్ దాన్ని" అన్నాడు. తహ్రీమ్ ఆపేసింది. కానీ నా లోపల ఆగలేదు. మొదటాయన మాట వింటుంటే, దొంగచాటు పొట్లం కాకపోతే నా కొడుకు దొంగచాటుగా పిట్లం పోయేవాడు కాదేమో అనిపించింది. రెండో ఆయన మాట వింటుంటే, దుకాణంలోనే దొరికితే ఇంకా ముందే మొదలుపెట్టేవాడేమో అనిపించింది. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తే మనిషి ఎటు తిరిగి కూర్చోవాలి?

గడపలో పార్వతీబాయి ఉంది. ఎప్పుడు వచ్చిందో.

"ఏమంటుండ్రు తహ్రీమ్ బిడ్డా? సర్కారు పర్మిషన్ ఇస్తదంటనా?"

"ఇస్తదని కాదు ఖాలా. ఇయ్యాలె అని ఒకాయన, ఇయ్యద్దని ఒకాయన. ఉత్త చర్చ."

"అంటే ఇంక అనుకుంటనే ఉండ్రా?"

"అనుకుంటనే ఉండ్రు."

"మరి అనుకునేటప్పుడే పోయి అడగాలె. అయిపోయినంక అడిగితే ఎవరింటరు?"

తహ్రీమ్ నవ్వింది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ఎందుకంటే ఆ రోజే ఎక్సైజు సారు మా ఇంటికి వచ్చాడు. మత్తు మందుల మీద పక్క ఫంక్షన్ హాల్లో మీటింగు పెడుతున్నారట. చుట్టుపక్కల తండాల ఆడవాళ్ళను కూడా పిలుస్తున్నారట. "అమ్మా, మేమెంత చెప్పినా వినరు. మీరు రెండు మాటలు చెప్తే వింటరు" అన్నాడు. మంచి మనిషే. చెప్పులు బయట విడిచి, తల వంచుకుని అడిగాడు. ఫజల్ సరే అన్నాడు. నేను కాదనలేదు.

ఏం మాట్లాడాలో తహ్రీమ్ నాకు బట్టీ పట్టించింది. "నా పేరు రఫియా. నా కొడుకు పేరు ముజఫర్." అక్కడి దాకా వచ్చి ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. తర్వాతి మాట "గంజాయి నా కొడుకును మింగేసింది." అది నా నోటికి ఎక్కేది కాదు. నాకు తెలియని సంగతి మైకు ముందు తెలిసినట్టు ఎట్లా చెప్పను?

మీటింగు రోజున హాలు నిండిపోయింది. నన్ను స్టేజి మీద కుర్చీలో కూర్చోబెట్టారు. బురఖా లోపల చెమట కారుతోంది. ఆడవాళ్ళ వరుసల్లో వెతికితే పార్వతీబాయి కనిపించింది. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఆమెను చూస్తూ మాట్లాడొచ్చు అనుకున్నాను.

అప్పుడు చూశాను. ఆమె ఒళ్ళో మూట ఉంది. తడిగుడ్డ మూట. ఆ తడికి చీర మోకాళ్ళ దాకా నల్లబడింది.

ఒక్క క్షణం వరి అనుకున్నాను. వరి అయితే వ్యవసాయం ఆఫీసుకు పోవాలి గానీ ఇక్కడికెందుకు? నా పక్కనే ఎక్సైజు సారు. గుమ్మం దగ్గర పోలీసులు. ముందు వరుసలో ఫోటోలు తీసేవాళ్ళు.

సారు మైకు అందుకున్నాడు. "రఫియమ్మ మాట్లాడే ముందు, మీకు ఏమన్న అడిగేదుంటే అడగండి. భయపడకండి. మేం మీకోసమే వచ్చినం."

పార్వతీబాయి లేచి నిలబడింది.

"సారూ, దండాలు. ఒక్క చెట్టుకు పర్మిషన్ ఇస్తరా?"

హాల్లో నవ్వులు. వెనక నుంచి ఎవరో, "ఏం చెట్టే ముసలమ్మా, తాటిచెట్టా?" అన్నారు. మళ్ళీ నవ్వులు.

"ఏ చెట్టుకు అవ్వా?" సారు కూడా నవ్వుతూనే అడిగాడు.

"నోటితోటి ఏం చెప్పుదు సారూ, చూపిస్త" అని ఆమె మూట ముడి విప్పడం మొదలుపెట్టింది. తడిసిన ముడి, గట్టిగా బిగుసుకుంది. పళ్ళతో పట్టింది.

నేను స్టేజి ఎట్లా దిగానో నాకు గుర్తు లేదు. "పార్వతక్కా" అని అరుస్తూ పోయి ఆమె మీద పడ్డాను. మూట నా బురఖా కిందికి లాక్కున్నాను. ఆమె గుంజుకోబోయింది, నేను వదల్లేదు. ఇద్దరం గట్టిగా పట్టుకుని నిలబడ్డాం. తడి నా కడుపుకు తగిలింది. దాంతో పాటు ఆ వాసన.

ఆ వాసన నాకు తెలుసు. ముజఫర్ చొక్కాల్లో వచ్చే పచ్చి వాసన. వాడు పోయాక ఒక చొక్కా ఉతకకుండా పెట్టెలో దాచుకున్నాను. రోజూ తీసి మొఖానికి అద్దుకుంటే వాసన రోజూ కొంచెం కొంచెం తగ్గి, ఇప్పుడు బట్ట వాసనే మిగిలింది. పోయిందనుకున్నది ఆ తడిగుడ్డలోంచి ఒక్కసారి పైకి వచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. ఫోటోల వాళ్ళు దగ్గరికి వచ్చారు. సారు కిందికి దిగి వచ్చి మెల్లగా, "ఆమె ఏదో అడగబోయింది గదమ్మా?" అన్నాడు.

"బర్రె గురించి సార్. బర్రెకు పానం బాగలేదు" అన్నాను.

"పసువుల దవాఖానకు తీసుకపో అవ్వా" అన్నాడు ఆయన. ఎవరో నాకు నీళ్ళు ఇచ్చారు. మమ్మల్నిద్దర్నీ బయటికి పంపించారు. నేను మాట్లాడాల్సిన మాటలు మాట్లాడనే లేదు.

ఇంటి దాకా పార్వతీబాయి నాకంటే ముందు విసవిసా నడిచింది. గడప దాటగానే మొదలుపెట్టింది.

"నువ్వెవరు నన్నాపెతందుకు? అడగనియ్యకపోతివి. ఆయన ఇచ్చేటోడేమో!"

"లోపలేసేటోడు అక్కా."

"నన్నెందుకేస్తడు? దాసుకున్నోళ్ళను ఏస్తరు. నేను దాసుకోలె. పట్టుకపోయి చూపిచ్చిన."

"ఖాలా" అంది తహ్రీమ్, ఆమె చేయి పట్టుకుని. "అడుగుడు తప్పు కాదు. కానీ చట్టంల ఇంకా మారలేదు. ఆకు సంగతి ఎట్లున్నా, మొక్క పెంచితే కేసే. ఒక్కటైనా కేసే."

"ఎవరి మీద?"

"భూమి ఎవరి పేరు మీదుంటే ముందు వాళ్ళనే పట్టుకుంటరు."

"మా ఆయన పేరు మీదుంది."

"అయితే మంగ్యా ఖాలూ మీదనే."

ఇరవై ఏళ్ళలో మొదటిసారి పార్వతీబాయి మా ఇంట్లో కింద కూర్చుంది. కాళ్ళు చాపుకుని, గోడకు ఆనుకుని. "ముసలోడు రోజూ అదే మొత్తుకుంటుండు. జైలుకు పోయేది నేను, నువ్వు కాదు అని. నేను ఒట్టి భయమనుకున్న. చెట్టు నాదాయె, పేరు ఆయనదాయె" అంది. చీర తడి పిండుకుంటూ, "పీకేస్త" అంది.

తర్వాత చేయి చాపింది. "ఇయ్యి చెల్లె, గా మూట. పోంగ పోంగ కాలువలేస్త."

నేను ఇవ్వలేదు. "రేపిస్త అక్కా" అన్నాను.

"ఏం జేస్తవ్ దాన్ని? నీ ఇంట్ల అదెందుకు?"

తహ్రీమ్ కూడా నా వైపు వింతగా చూసింది. నేను లోపలికి పోయి పెట్టె తెరిచి ముజఫర్ చొక్కా తెచ్చాను. ఆమె చేతిలో పెట్టాను. ఆమె చొక్కా వాసన చూసింది, మూట వాసన చూసింది. ఇంకోసారి చొక్కా. ఆమెకు అర్థమైంది. గడపలో నిలబడి నా కళ్ళలోకి చూడకుండా తాగిన చాయ్‌లన్నిటికీ కలిపి ఇప్పుడు నా కళ్ళలోకి చూసింది.

"నా చెట్టుది కాదు చెల్లె, పిల్లగాడు తాగింది. సేవాలాల్ మారాజ్ మీద ఒట్టు. నా చెట్టు ఆకు బర్రె నోట్లకు తప్ప ఏడికీ పోలె."

"నేనెప్పుడన్న అడిగిననా అక్కా?"

"అడగలె. అదే నన్ను తినవట్టె. అడిగితే చెప్పేదాన్ని గద."

నేను మూటను ఇంకా పట్టుకునే ఉన్నాను. ఆమె నా వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది, దూడ నోట్లోంచి తాడు తీసినట్టు. "ఎండితే గీ వాసన ఉండదు చెల్లె. రేపటికి గడ్డి వాసనొస్తది. అప్పుడు మల్లొకపారి ఏడుస్తవ్. నాకియ్యి" అంది. ఇచ్చేశాను. మూటను ఖాళీ పాల క్యానులో వేసి మూత బిగించి, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.

మరునాడు పేపర్లో మా ఊరి వార్తల దగ్గర మా ఇద్దరి ఫోటో వచ్చింది. 'కంటతడి పెట్టించిన తల్లి' అని రాశారు. నా బురఖా, ఆమె కొంగు తప్ప అందులో ఏమీ కనబడవు. ఫజల్ దాన్ని మడిచి దాచుకున్నాడు. ఆ పొద్దున చాయ్ తాగుతూ, "పాలు ఏదో ఆకు వాసన వస్తున్నాయేంది?" అన్నాడు. "బర్రె ఏం మేసిందో" అన్నాను. నా గ్లాసు మాత్రం చల్లారే దాకా మూతి దగ్గరే పట్టుకుని తాగాను.

మొక్క పీకేసిందట. "వేరు ఇంత లోతుకు పోయిందనుకోలే. ముసలోడు నేను ఇద్దరం గుంజితే వచ్చింది. ఆ గుంతల ఆయన మిరప నారు పెట్టిండు. పర్మిషన్ అక్కర్లేని చెట్టు అని నాకు చూపెట్టుకుంట నవ్వుతుండు" అని చెప్పింది.

ఇప్పుడు వానలు గట్టిగా పడుతున్నాయి. ఒడ్ల మీద గడ్డి మోకాలెత్తు లేచి ఉంటుంది. పొద్దున లేచిన దగ్గర నుంచి నేను గడపలోనే ఉంటున్నాను. ఫోన్‌లో ఆ చర్చ మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. ఇయ్యాలె అనే ఆయన, వద్దు అనే ఆయన. వాళ్ళు ఎప్పటికి తెగ్గొడతారో. అప్పటిదాకా బర్రె ఆగుతుందా?

నిన్న పార్వతీబాయి రాలేదు. ఆటోలన్నీ పోయాయి. పక్కింటి వాళ్ళు పాకెట్ పాలు తెచ్చుకున్నారు. నేను తెచ్చుకోలేదు. గల్లీ చివర దాకా పోవడం, రావడం. వాళ్ళ ఇంటికి ఫోన్ చేస్తే మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. బర్రె పడిపోయిందా? డాక్టరు దొరికాడా? నేను ఆ రోజు స్టేజి దిగకపోతే ఏమయ్యేదో, దిగినందుకు ఇప్పుడేమవుతుందో. రెండూ ఒకేసారి తలలో తిరిగాయి.

ఈ రోజు తెల్లవారగానే రోడ్డు మీదికే పోయి నిలబడ్డాను. చినుకులు. మొదటి ఆటోలో లేదు. రెండో ఆటో ఆగింది. ముందు క్యాను దిగింది, తర్వాత ఆమె. చీర నిండా పేడ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"బర్రె?" అన్నాను.

"నిన్న ఉబ్బింది. పసువుల డాక్టరుకు ఫోన్ చేస్తే వేరే ఊర్ల ఉన్నడు, వచ్చేసరికి పొద్దు గూకింది. సూది గుచ్చి గాలి తీసిండు. బతికింది. ఇంకా లేవలె." ఆమె క్యాను మూత తీసి చూపించింది. అడుగున కొన్ని పాలు ఉన్నాయి. "ఇయి చిన్న బర్రెవి. గింతనే. నీకే తెచ్చిన, వేరే ఎవరికీ పొయ్య."

"లేస్తదా అక్కా?"

"డాక్టరు లేస్తదన్నడు" అంది. వెళ్ళే ఆటో అప్పుడే వచ్చి హారన్ కొట్టింది. నా గిన్నెలో పాలు వంచి, చాయ్ వద్దని చేయి ఊపి, ఎక్కింది. ఆటో కదిలాక తల బయటికి పెట్టి, "వానల నిలవడకు, ఇంట్లకు పో చెల్లె" అని అరిచింది.

పోలేదు. గిన్నె మీద కొంగు కప్పి, ఆటో కాలువ వంతెన దాటే దాకా అక్కడే నిలబడ్డాను.